పాత 'అను' ఫాంట్ల ఫైళ్లున్న ఇంటి కంప్యూటరును లినక్స్‌కు మార్చడం: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసు ఒడిశాలోని గజపతి జిల్లాలో, పర్లాకిమిడికి దగ్గరలో నివసించే ఒక తెలుగు కుటుంబానిది. కుటుంబాన్ని గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలను వదిలేశాను, ఒకటి రెండింటిని మార్చాను. సాంకేతిక విషయాలను మాత్రం జరిగినవి జరిగినట్టే రాశాను. ఇళ్లలోని కంప్యూటర్లను బాగుచేయడం, అడిగినవారికి లినక్స్ పెట్టి ఇవ్వడం నా పని. ఉబుంటు, మింట్ అనేవి లినక్స్ రకాలు: విండోస్‌కు బదులుగా వాడే, కోడ్ అందరికీ తెరిచి ఉంచిన (ఓపెన్ సోర్స్) ఉచిత ఆపరేటింగ్ సిస్టంలు. వాటిని స్థాపించడం ఇప్పుడు ఎవరికీ పెద్ద విద్య కాదు. ఈ ఇంట్లో అసలు చిక్కు స్థాపనలో రాలేదు, పదిహేనేళ్లుగా పేరుకున్న కాగితాల్లో వచ్చింది. సరిహద్దు జిల్లాల్లో ఇలాంటి ఇళ్లు చాలా ఉంటాయి గనుక దీన్ని వివరంగా నమోదు చేస్తున్నాను.

ఇంటి పెద్ద తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశారు. అందరిలాగే నేనూ ఆయనను మాస్టారు అనే పిలుస్తాను. స్థానిక తెలుగు సంఘానికి ఆయన చాలాకాలంగా కార్యదర్శి. సమావేశాల మినిట్సు, సభ్యుల జాబితా, అధికారులకు పంపిన వినతిపత్రాలు అన్నీ ఈ కంప్యూటరులోనే, 'అను' అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. కోడలు ఒక ప్రైవేటు పాఠశాలలో చెబుతారు. ప్రశ్నపత్రాలను ఒడియాలో, 'ఆక్రుతి' అనే అలాంటి పాత ఫాంట్లలో ఇంటి దగ్గరే తయారుచేస్తారు. మనవడు ప్లస్ టూ చదువుతూ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాడు. కొడుకు వ్యాపారపు లెక్కలన్నీ దుకాణంలోని వేరే కంప్యూటరులో, ట్యాలీలో ఉంటాయి. ఈ చివరి సంగతిని మొదటి సంభాషణలోనే అడిగి తెలుసుకున్నాను. విండోస్‌ను నమ్ముకుని నడిచే ట్యాలీ గాని, డిజిటల్ సంతకపు టోకెన్ (ఆన్‌లైన్ పత్రాల మీద సంతకానికి వాడే యూఎస్‌బీ పరికరం) గాని ఇంటి యంత్రంలోనే ఉండి ఉంటే నా సలహా వేరుగా ఉండేది.

యంత్రం రెండో తరం కోర్ ఐ3 ప్రాసెసరుతో, 4 జీబీ ర్యామ్‌తో, 500 జీబీ హార్డ్ డిస్క్‌తో అసెంబుల్ చేయించినది. దానికి హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్రింటరు తగిలించి ఉంది. ఇంటర్నెట్ మొబైల్ ఫోను నుంచే వస్తుంది. మొదట విండోస్ 7తో వచ్చిన ఈ యంత్రంలో ఆ తరువాత ఎవరో దొంగ కీతో విండోస్ 10 ఎక్కించారు.

సమస్య

మాస్టారు చెప్పింది ఒక్కటే: కంప్యూటరు ఆన్ చేసి స్నానం చేసి వచ్చినా తెరుచుకోవడం లేదు. కూర్చుని చూస్తే మరికొన్ని కనిపించాయి. బ్రౌజరు తెరిస్తే ఎవరూ అడగని ప్రకటనల పేజీలు వాటంతట అవే వస్తున్నాయి. జిరాక్స్ షాపుకు తీసుకువెళ్లి వచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోతున్నాయి. పైగా విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందన్న వార్త మనవడి ద్వారా ఇంట్లో తెలిసింది. కొత్త కంప్యూటరు కొనక తప్పదని అప్పటికే ఒకరు చెప్పి ఉన్నారు.

ఆ మాటలో కొంత నిజం ఉంది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి, ఇంటెల్‌లోనైతే కనీసం ఎనిమిదో తరం ప్రాసెసరు ఉండాలి. ఈ యంత్రానికి రెండూ లేవు. అడ్డదారిన ఎక్కించే పద్ధతులు ఉన్నాయి గాని, అప్‌డేట్లు ఎప్పుడు ఆగిపోతాయో భరోసా లేని ఏర్పాటును వృద్ధుల ఇంట్లో నేను పెట్టను. అలాగని లినక్స్‌కు మారితే సరిపోతుందని కూడా వెంటనే అనలేదు, ఎందుకంటే నిదానానికి కారణం సాఫ్ట్‌వేరా, యంత్రమా అన్నది ఇంకా తేలలేదు.

పరీక్ష

విండోస్‌ను తాకకుండా, లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ కూర్పు ఉన్న పెన్‌డ్రైవ్ నుంచి యంత్రాన్ని లేపాను. లైవ్ అనే ఈ పద్ధతిలో డిస్కు మీద ఏమీ రాయకుండానే వ్యవస్థ మొత్తం పెన్‌డ్రైవ్‌తో, మెమరీతో నడుస్తుంది. శబ్దం, తెర, ప్రింటరు, నెట్ పనిచేస్తాయో లేదో స్థాపనకు ముందే తెలుస్తుంది. ఫోనును కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఏ డ్రైవరూ అడగకుండా నెట్ వచ్చింది.

డిస్క్స్ అనే ప్రోగ్రాంలో హార్డ్ డిస్క్ స్మార్ట్ సమాచారం (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునేది) చూస్తే, చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్లు (డిస్కులోని చిన్న భాగాలు) కొన్ని కనిపించాయి. అంటే నిదానంలో పెద్ద భాగం డిస్కుదే. ఏ ఆపరేటింగ్ సిస్టం పెట్టినా ఆ డిస్కు మీద సుఖం ఉండదు. లినక్స్ పెట్టగానే పాత కంప్యూటరు పరుగెత్తిందని చెప్పుకునే కథల్లో చాలావాటికి అదే రోజు మార్చిన ఎస్‌ఎస్‌డీయే (హార్డ్ డిస్క్ బదులు వాడే, చిప్పులతో చేసిన వేగమైన డిస్కు) కారణమన్నది నా అభిప్రాయం.

కాబట్టి మొదటి నిర్ణయం ఫైళ్లను బయటికి తీయడం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఈ ఇంట్లోని మరో పాత కంప్యూటరు తడిసి, సంఘపు తొలి ఏళ్ల కాగితాలు కొన్ని పోయాయి. ఆ భయం మాస్టారిని ఇంకా వదల్లేదు. లైవ్ లినక్స్ నుంచే ఫైళ్లను బయటి డిస్కుకు కాపీ చేశాను. విండోస్ నుంచి చేస్తే వైరస్ కూడా వెంట రావచ్చు. పెన్‌డ్రైవ్ సంగతి కూడా ఇక్కడే తేలింది. షార్ట్‌కట్ వైరస్ ఫైళ్లను చెరపదు. వాటిని దాగిన ఫోల్డరులోకి తోసి, ఆ ఫోల్డరుకు కంటికి కనిపించని ఖాళీ గుర్తును పేరుగా పెట్టి, పైన నకిలీ షార్ట్‌కట్‌లు ఉంచుతుంది. విండోస్ దాచిపెట్టే గుర్తులను లినక్స్ ఫైల్ మేనేజరు లెక్కచేయదు గనుక పేరు లేని ఆ ఫోల్డరు మామూలుగానే కనిపించింది. కోడలు పోయాయనుకున్న అర్ధ సంవత్సర పరీక్షల పత్రాలు అందులో భద్రంగా ఉన్నాయి. ఆమెకు లినక్స్ మీద నమ్మకం కలిగింది నా మాటల వల్ల కాదు, ఆ ఫోల్డరు వల్ల.

మొదటి ఏర్పాటు, దాని వైఫల్యం

ర్యామ్‌ను 8 జీబీకి పెంచి, కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టడానికి కుటుంబం ఒప్పుకుంది. రెండింటి ఖర్చూ కలిపినా కొత్త యంత్రం ధర కంటే చాలా తక్కువ. ఏ లినక్స్ రకం (డిస్ట్రిబ్యూషన్) పెట్టాలన్న ఎంపికలో నేను చూసినవి రెండే: తక్కువ మెమరీతో నడిచే డెస్క్‌టాప్, నేను ఊళ్లో లేకపోయినా పాడవకుండా ఉండే దీర్ఘకాలిక మద్దతు. భారతీయ భాషల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌ను కూడా ఆలోచించాను. కాని చిక్కు వచ్చినప్పుడు మనవడు తానే నెట్‌లో వెతుక్కోవాలి, ఎక్కువమంది వాడే వ్యవస్థకే జవాబులు త్వరగా దొరుకుతాయి. అందుకని ఉబుంటు 24.04 పునాది మీద తయారై 2029 వరకు మద్దతు ఉన్న మింట్ 22ను ఎంచుకున్నాను.

విండోస్‌ను పూర్తిగా తీసివేయడానికి మాస్టారు ఇష్టపడలేదు. ఆయన సందేహం న్యాయమైనది. ఫైళ్లు కొత్త వ్యవస్థలో ఎలా తెరుచుకుంటాయో ఆయన ఇంకా చూడలేదు. అందువల్ల ఎస్‌ఎస్‌డీ మీద మింట్, పాత డిస్కు మీద విండోస్ ఉంచి, ఆన్ చేసినప్పుడు ఏది కావాలో ఎంచుకునే డ్యుయల్ బూట్ ఏర్పాటు చేశాను. కాపీ బయట భద్రంగా ఉంది కనుక, పాత డిస్కులోని డీ డ్రైవ్‌ను రెండింటికీ ఉమ్మడిగా వదిలాను.

ఈ ఏర్పాటు మూడు విధాలుగా ఇబ్బంది పెట్టింది. మొదటిది గడియారం. మదర్‌బోర్డులోని గడియారాన్ని లినక్స్ అంతర్జాతీయ సమయంగా చదువుతుంది, విండోస్ స్థానిక సమయంగా చదువుతుంది. అందువల్ల మింట్ వాడిన తరువాత విండోస్ తెరిస్తే గంటలు అయిదున్నర వెనక్కి పోతున్నాయి. మినిట్సు మీద తేదీ, సమయం కచ్చితంగా వేసే మనిషికి ఇది చిన్న విషయం కాదు. స్థానిక సమయాన్నే పాటించమని మింట్‌కు ఒక ఆదేశం ఇస్తే ఇది తీరింది.

రెండోది అంత సులువుగా తేలలేదు. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ అనే అమరిక మామూలుగా ఆన్‌లో ఉంటుంది. యంత్రాన్ని ఆపినట్టు కనిపిస్తుంది గాని, వ్యవస్థ స్థితిని డిస్కు మీద దాచుకుని నిద్రపోతుంది. ఆ స్థితిలో ఉన్న డ్రైవ్ మీద లినక్స్ రాస్తే ఫైళ్లు దెబ్బతింటాయి గనుక, లినక్స్ దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. మనవడు రాసిన ప్రోగ్రాం సేవ్ కాలేదు. సభ్యుల జాబితాలో మాస్టారు చేసిన మార్పు నిలవలేదు. డిస్కు మళ్లీ పోయిందని ఇంట్లో అనుకున్నారు. ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపాను. కొంతకాలానికి చూస్తే అది మళ్లీ ఆన్ అయి ఉంది.

మూడోది సాంకేతికం కాదు. రెండు దారులు ఎదురుగా ఉంటే చెయ్యి అలవాటైన దాని మీదకే పోతుంది. మనవడు తప్ప ఎవరూ మింట్ తెరవలేదు; వైరస్ ఉన్న విండోస్‌లోనే పని సాగింది. కొత్త వ్యవస్థను ఇంటి మనుషులు వాడడం లేదంటే దానికి వారు చెప్పని కారణం ఉంటుందని నా అనుభవం. ఈ ఇంట్లో ఆ కారణం అక్షరాలు.

అక్షరాల చిక్కు

మాస్టారిని మింట్ ముందు కూర్చోబెట్టి, వర్డ్ వంటి ఉచిత ప్రోగ్రాం లిబ్రేఆఫీసులో పాత మినిట్సు ఫైలు ఒకటి తెరవమన్నాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చూసి, "ఇదేమిటి బాబూ, పేజీ అంతా ఇంగ్లీషు పురుగులు పాకినట్టుంది!" అన్నారు. పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కొక్కేల వంటి గీతలు ఉన్నాయి తప్ప ఒక్క తెలుగు అక్షరం లేదు.

అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలులో నిజానికి తెలుగు అక్షరాలు ఉండవు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంకేత సంఖ్యలే ఉంటాయి. ఫాంటు తయారుచేసినవారు ఆ సంఖ్యల దగ్గర తలకట్టు, గుడి, వత్తు వంటి తెలుగు ముక్కలను బొమ్మలుగా అమర్చారు. ఫాంటు ఉన్నచోట తెలుగు కనిపిస్తుంది, లేనిచోట అడుగున ఉన్న సంకేతాలు బయటపడతాయి. ప్రపంచ భాషల అక్షరాలన్నింటికీ వేరువేరు సంకేత సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు తనదైన 128 స్థానాలు 1991లో వచ్చిన తొలి కూర్పు నుంచే ఉన్నాయి గాని, మన డీటీపీ (కంప్యూటరు మీద అచ్చు పేజీలు కూర్చే) రంగం చాలాకాలం పాత దారిలోనే నడిచింది. ఒడియాలో ఆక్రుతి ఫాంట్ల కథ కూడా ఇదే.

మొదటి ప్రయత్నంగా, ఆయన దగ్గర ఉన్న ఫాంటు ఫైళ్లను మింట్‌లో చేర్చాను. పాత పేజీలు చాలావరకు సరిగా కనిపించాయి. కాని చదవడం వేరు, టైపు చేయడం వేరు: మీట నొక్కితే తగిన ముక్కలను తగిన వరుసలో పెట్టే పని ఫాంటుది కాదు, విండోస్ కోసం రాసిన వేరే కీబోర్డు ప్రోగ్రాంది. ఆ ప్రోగ్రాంను, విండోస్ ప్రోగ్రాంలను లినక్స్‌లో నడిపే వైన్ ద్వారా నడిపి చూశాను. కిటికీ తెరుచుకుంది గాని, లిబ్రేఆఫీసులో మీటలు నొక్కితే మళ్లీ ఇంగ్లీషే వచ్చింది. వైన్‌లో నడిచే ప్రోగ్రాం తన లోపలి కిటికీల్లోని మీటలనే పట్టుకోగలదు, బయటి లినక్స్ ప్రోగ్రాంల మీద దానికి అధికారం లేదు. వర్చువల్ యంత్రంలో, అంటే లినక్స్ లోపలే ఒక ప్రోగ్రాంగా నడిచే ఊహా కంప్యూటరులో, విండోస్ పెట్టడం మరో మార్గం. ఈ ప్రాసెసరు మీద అది భారం, పైగా మద్దతు లేని వ్యవస్థను దొడ్డిదారిన మళ్లీ ఇంట్లోకి తెచ్చినట్టవుతుంది. అందుకని దాన్ని ప్రయత్నించలేదు.

ఆ తరువాత, నెట్‌లో ఉచితంగా దొరికే కన్వర్టర్లతో పాత పాఠ్యాన్ని యూనికోడ్‌కు మార్చి చూశాను. ఒక మాదిరి పేజీలో వచ్చిన తప్పులు రెండు రకాలు. సంయుక్తాక్షరాల్లో, ముఖ్యంగా వత్తు మీద మరో వత్తు ఉన్నచోట, ముక్కల వరుస తారుమారైంది. దీనికంటే ప్రమాదకరమైనది రెండోది: పాఠ్యాన్ని కాపీ చేసి కన్వర్టరులో అతికించినప్పుడు ఏ పదం ఏ ఫాంటులో ఉందన్న సమాచారం పోతుంది. మధ్యలో ఉన్న ఇంగ్లీషు పదాలను కూడా అను సంకేతాలే అనుకుని కన్వర్టరు తెలుగు ముక్కలుగా మార్చేసింది. మినిట్సులో ఒక సభ్యుడి ఇంటిపేరు తాలూకు ఇంగ్లీషు పొడి అక్షరాలు అర్థంలేని వత్తులయ్యాయి. సంఘపు రికార్డులో ఇలాంటి తప్పు ఎవరి కంటా పడకుండా నిలిచిపోతే తరువాత సరిదిద్దడం కష్టం.

పనిచేసిన పద్ధతి

ఇక్కడ మాస్టారిని ఒక ప్రశ్న అడిగాను: ఈ ఫైళ్లలో మళ్లీ మార్చి రాయవలసినవి ఏవి? ఆయన కాగితం తీసుకుని రాసిచ్చిన జాబితాలో సంఘ నియమావళి, సభ్యుల జాబితా, వినతిపత్రాల నమూనాలు కొన్ని మాత్రమే ఉన్నాయి. మిగిలినవన్నీ చదువుకోవడానికి, అవసరమైతే అచ్చు తీసుకోవడానికే. అంటే వందల ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చవలసిన అవసరమే లేదు.

అందువల్ల పాత విండోస్‌ను చివరిసారిగా ఒక పనికి వాడాం. ప్రతి పాత ఫైలునూ అక్కడ తెరిచి, విండోస్ 10లోనే ఉండే ప్రింట్ టు పీడీఎఫ్‌తో పీడీఎఫ్‌గా మార్చాం. పీడీఎఫ్‌లో ఫాంటు ఫైలుతో పాటే ప్రయాణిస్తుంది గనుక ఏ యంత్రంలోనైనా, ఫోనులోనైనా పేజీ ఉన్నది ఉన్నట్టే కనిపిస్తుంది. ఒక లోటు మిగిలింది: లోపల ఉన్నవి పాత సంకేతాలే కాబట్టి తెలుగు పదం కొట్టి వెతికితే దొరకదు. దానికి బదులుగా ప్రతి ఫైలు పేరులో తేదీనీ విషయాన్నీ యూనికోడ్ తెలుగులో రాశాం. ఈ పని మనవడు సెలవుల్లో చేశాడు. పేరు చెప్పినది తాతగారు, టైపు చేసినది మనవడు. జాబితాలోని కొద్ది ఫైళ్లను మాత్రం కన్వర్టరుతో మార్చి, పాత అచ్చు ప్రతిని పక్కన పెట్టుకుని మాస్టారే అక్షరం అక్షరం దిద్దారు. కొత్త ఫైళ్లకు రామరాజ, మండలి, పోతన వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లను చేర్చాను.

టైపింగుకు ఐబస్ అనే భాషల టైపింగు ప్రోగ్రాంను, దానితో పనిచేసే ఎం17ఎన్ కీబోర్డుల సమాహారాన్ని పెట్టాను. తెలుగుకు అందులో ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరికతో పాటు ఆపిల్ అనే అమరిక కూడా ఉంది; అనులో మాస్టారి వేళ్లకు అలవాటైనది ఆపిల్ అమరికే. అచ్చంగా అదే కాకపోయినా దగ్గరగా ఉండడం వల్ల, తేడా వచ్చే మీటలను ఒక కాగితం మీద రాసి మానిటరు అంచుకు అంటించుకుని ఆయన సాగిపోయారు. ఈ వయసులో కొత్త అమరిక నేర్చుకోమని నేను అడగలేదు. కోడలి విషయంలో వేరే నిర్ణయం తీసుకున్నాను. ఆమె ఒడియాతో పాటు అప్పుడప్పుడు తెలుగు కూడా టైపు చేస్తారు, ఇంకా చాలా ఏళ్లు చేస్తారు. ఇన్‌స్క్రిప్ట్‌ను భారతీయ లిపులన్నింటికీ ఒకే పద్ధతిలో రూపొందించారు. తెలుగు 'క' ఉన్న మీట మీదే ఒడియా 'క' కూడా ఉంటుంది, పొల్లుకు రెండింటిలోనూ ఒకే మీట. ఒకసారి నేర్చుకుంటే రెండు భాషలూ వచ్చినట్టే. మొదట్లో విసుక్కున్నా ఆమె పట్టుదలగా నేర్చుకున్నారు.

ఒకే యంత్రంలో రెండు అమరికలు కలగాపులగం కాకుండా ముగ్గురికీ మూడు వేరు ఖాతాలు తెరిచాను. ఎవరి ఖాతాలో వారి కీబోర్డు, వారి ఫైళ్లు, వారి తెర. ఇంత చిన్న ఏర్పాటు తీర్చినన్ని తగాదాలను మిగతావేవీ తీర్చలేదు. మెనూలను తెలుగులో పెట్టి చూశాం గాని, కొన్ని ప్రోగ్రాంలు తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో ఉండి గందరగోళంగా తోచడంతో ఇంగ్లీషులోనే ఉంచేశాం.

ప్రింటరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ మోడల్ మన ప్రాంతపు ఇళ్లలో తరచు కనిపిస్తుంది. లేజర్‌జెట్ 1020 తన ఫర్మ్‌వేరును (ప్రింటరు లోపల నడిచే ప్రోగ్రాంను) తనలో దాచుకోదు. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే దాన్ని పంపాలి. మింట్‌లో ఉండే హెచ్‌పీఎల్‌ఐపీ (హెచ్‌పీ ప్రింటర్లను నడిపే ప్రోగ్రాం) ఈ ప్రింటరును గుర్తిస్తుంది, జాబితాలో చూపిస్తుంది, అచ్చు పని తీసుకున్నట్టు కూడా కనిపిస్తుంది, కాని కాగితం రాదు. ఫర్మ్‌వేరు ఓపెన్ సోర్స్ కాదు గనుక అది వేరే ప్లగిన్‌గా, అంటే అదనపు భాగంగా దిగాలి. హెచ్‌పీ ప్లగిన్ ఆదేశం ఇచ్చి, షరతులకు ఒప్పుకుంటే దిగుతుంది. ఆ తరువాత ప్రింటరు ఆన్ చేయగానే లోపలి రోలర్లు ఒకసారి గిర్రున తిరిగే చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు వినిపిస్తే ఫర్మ్‌వేరు చేరినట్టని మాస్టారికి చెప్పి ఉంచాను. ప్లగిన్ వెర్షన్, హెచ్‌పీఎల్‌ఐపీ వెర్షన్ ఒకటే కావాలన్నది మనవడికి చెప్పిన సంగతి.

అప్‌డేట్ల బాధ్యత కోడలిది. మొబైల్ డేటా రోజువారీ పరిమితిలో ఉంటుంది కాబట్టి, ఆదివారం రాత్రి మిగిలిన డేటాతో అప్‌డేట్ మేనేజరు నడపాలని అనుకున్నాం. పాడైతే వెనక్కి వెళ్లేందుకు, టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాం నిర్ణీత కాలానికోసారి వ్యవస్థ ప్రతిని ఒకటి తీసుకునేలా అమర్చాను. దాని విలువ త్వరలోనే తెలిసింది. కొత్త పైథాన్ పెట్టుకోవాలన్న ఉత్సాహంలో మనవడు వ్యవస్థతో వచ్చిన పైథాన్‌ను తొలగించాడు. మింట్‌లోని చాలా ప్రోగ్రాంలు దాని మీదే ఆధారపడి ఉండడంతో డెస్క్‌టాపే మాయమైంది. ఫోనులో నేను చెబుతుండగా టైమ్‌షిఫ్ట్‌తో వాడే వెనక్కి తెచ్చుకున్నాడు. వాడేవారి సొంత ఫైళ్లుండే హోం ఫోల్డరును టైమ్‌షిఫ్ట్ మామూలుగా తాకదు గనుక తాతగారి ఫైళ్లకు ఏమీ కాలేదు. అదే కారణం చేత అది ఫైళ్లకు బ్యాకప్ కాదని కూడా చెప్పవలసి వచ్చింది. వాటికోసం బయటి డిస్కు ఉంది, ఆ డిస్కు ఇప్పుడు మేడ మీది గదిలో, నేలకు ఎత్తులో ఉంటుంది. వాడి చేతిలో అడ్మిన్ పాస్‌వర్డ్ ఉండాలా వద్దా అన్న చర్చ ఇంట్లో జరిగింది. ఉండనివ్వమనే నేను అన్నాను. పాడుచేసి బాగుచేసుకోవడం తెలిసిన మనిషి ఒకరు ఇంట్లోనే ఉండడం నాకు ఫోను చేయడం కంటే మేలు.

మిగిలినవి, గమనించినవి

పీడీఎఫ్‌ల పని పూర్తయ్యాక పాత డిస్కును తీసి పక్కన పెట్టాం. ఇప్పుడు ఇంట్లో విండోస్ లేదు. ఒక్క పని మాత్రం తేలలేదు: కోడలి పాఠశాల ప్రశ్నపత్రాలను ఆక్రుతి ఫైలుగానే అడుగుతోంది, ఎందుకంటే అచ్చు వేసే ప్రెస్సు దానిలోనే మార్పులు చేసుకుంటుంది. ఆమె యూనికోడ్ ఒడియాలో తయారుచేసి పీడీఎఫ్ పంపుతారు. మార్పులు ఎక్కువగా ఉన్నప్పుడు పాఠశాల కంప్యూటరులోనే కూర్చుని చేస్తారు. ప్రెస్సు మారేదాకా ఇందులో ఇల్లు చేయగలిగింది లేదు.

ఈ కేసు తరువాత నా పని వరుస మారింది. ఇంతకుముందు ముందుగా ప్రాసెసరు, ర్యామ్ చూసేవాణ్ణి. ఇప్పుడు ముందుగా ఇటీవల అచ్చు తీసిన కాగితాలు చూపించమంటాను, వాటి ఫైళ్లను లైవ్ పెన్‌డ్రైవ్‌లో తెరిపిస్తాను, అదే కూర్చుడులో ఒక పేజీ అచ్చు తీయిస్తాను. ఆ ఫైళ్లు అను గాని ఆక్రుతి గాని అయితే, పీడీఎఫ్‌ల పని ముగిసేవరకు పాత వ్యవస్థను తీయను. ముగిశాక ఉంచను. డ్యుయల్ బూట్‌ను పూర్తిగా తోసిపుచ్చను గాని, ఎప్పటికి ముగుస్తుందో ముందే ఇంటివారితో అనుకోని డ్యుయల్ బూట్ పెట్టడం మానేశాను. ట్యాలీ, టోకెన్, వేలిముద్ర యంత్రం మీద బతుకుతెరువు ఉన్న ఇళ్లకు మాత్రం మారవద్దనే చెబుతాను. వాటికి అసలు లైసెన్సుతో ఉన్న విండోసే సరైనది.

ఈ ఇంటి మింట్‌ను తరువాతి కూర్పుకు మార్చేటప్పుడు హెచ్‌పీఎల్‌ఐపీ వెర్షన్ కూడా మారుతుంది, ప్రింటరు మళ్లీ మౌనం వహిస్తుంది. ప్లగిన్‌ను కొత్తగా దించుకోవాలని మానిటరుకు అంటించిన ఆ కాగితం అడుగున మనవడు ఇప్పటికే రాసి పెట్టుకున్నాడు.